వినికిడి ఆధారంగా చరిత్ర: భద్రాచలం మన్యంలో జ్వరం, మందు, లోపలి చెవి

సారాంశం

ఖమ్మం – భద్రాచలం అటవీ సరిహద్దు ప్రాంత చరిత్రకు ప్రధానంగా రెండు రకాల ఆధారాలున్నాయి. ఒకటి ప్రభుత్వ, మిషనరీ రచనలు. రెండవది కోయ సమాజపు మౌఖిక సంప్రదాయం. రెండవ ఆధారం తరతరాల వినికిడి మీద నిలిచినది. ఇదే ప్రాంతం దీర్ఘకాలం మలేరియాకు నెలవు. ఆ జ్వరానికి వాడిన క్వినైన్, తరువాతి కాలంలో క్షయకు వాడిన స్ట్రెప్టోమైసిన్ లోపలి చెవి మీద ప్రభావం చూపే మందులు. లోపలి చెవిలోని కేశకణాలు, వాటి కాల్షియం చానెళ్ళ గురించి గడచిన నాలుగు దశాబ్దాల్లో వెలువడిన జ్ఞానం వెలుగులో ఈ మందుల చరిత్రను పరిశీలించి, మౌఖిక చరిత్ర సేకరణకు దానినుండి ఏర్పడే పద్ధతిపరమైన ప్రశ్నలను ప్రతిపాదించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: భద్రాచలం మన్యం, కోయ మౌఖిక సంప్రదాయం, మలేరియా, క్వినైన్, స్ట్రెప్టోమైసిన్, కేశకణాలు, కాల్షియం చానెళ్ళు, వినికిడి.

1. ప్రవేశిక

తెలుగులో ‘వినికిడి’ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. వినగలిగే శక్తి ఒకటి. ఒకరినుండి ఒకరు విన్న సమాచారం మరొకటి. లిపి లేకుండా, లేదా లిపిని ఆలస్యంగా స్వీకరించి బతికిన సమాజాల విషయంలో ఈ రెండు అర్థాలూ విడదీయరానివి. మొదటి వినికిడి దెబ్బతింటే రెండవ వినికిడికి ఆధారం సడలుతుంది.

చెవి అనే మాటే ద్రావిడ భాషల బంధుత్వానికి మంచి నిదర్శనం. తెలుగు, తమిళ భాషల్లో ‘చెవి’, కన్నడంలో ‘కివి’, గోండీ మాండలికాల్లో ‘కవి’, ‘కెవి’ అనే రూపాలు కనిపిస్తాయి. పదాది కకారం తాలవ్యాచ్చుకు ముందు తెలుగులో చకారమైంది. భద్రాచలం పరిసరాల కోయ భాష గోండీకి చెందినదే. గోదావరి ఒడ్డున నివసించే గొమ్ము కోయల మాండలికానికి స్టీఫెన్ టైలర్ రచించిన వ్యాకరణం 1969లో వెలువడింది. అంతకుముందు ఎన్నో తరాలపాటు ఈ భాష, ఈ భాషలోని గాథలు, గోత్రాల వివరాలు, వేల్పుల కథలు ప్రధానంగా నోటినుండి చెవికి నడిచాయి.

కాబట్టి ఈ ప్రాంతంలో చెవి వైద్యశాస్త్రానికి ఎంత సంబంధించినదో చరిత్రకు కూడా అంతే సంబంధించినది. ఈ రెండింటినీ కలిపి చూసే ప్రయత్నమే ఈ వ్యాసం.

2. సరిహద్దు ప్రాంతం: కాగితంలో, కథలో

భద్రాచలం తాలూకా పరిపాలన పలుమార్లు చేతులు మారింది. 1860లో నిజాం నుండి బ్రిటిష్ పాలనలోకి వచ్చిన ఈ ప్రాంతం మధ్య పరగణాలలోని ఎగువ గోదావరి జిల్లాలో ఉండేది. 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలను మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు బదిలీ చేశారు. నదికి ఆవలి ఒడ్డున ఉన్న పాల్వంచ, ఖమ్మం ప్రాంతాలు నిజాం రాజ్యంలోనే కొనసాగాయి. 1953లో వరంగల్లు నుండి విడివడి ఖమ్మం జిల్లా ఏర్పడింది. 1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలు తూర్పు గోదావరి జిల్లా నుండి ఖమ్మంలో చేరాయి. 2014లో పోలవరం ప్రాజెక్టు కారణంగా భద్రాచలం పట్టణం మినహా పరిసర మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అవతరించింది.

ఇన్నిసార్లు సరిహద్దు మారడం వలన ఈ ప్రాంతపు రికార్డులు నాగపూరు, మద్రాసు, హైదరాబాదు పాలనా వ్యవస్థల మధ్య చెదిరిపోయాయి. దుమ్ముగూడెంలో పనిచేసిన మిషనరీ జాన్ కెయిన్ 1876 నుండి ఇండియన్ ఆంటిక్వరీ పత్రికలో భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి రాసిన వ్యాసాలు, ఎఫ్.ఆర్. హెమింగ్వే కూర్చిన గోదావరి జిల్లా గెజిటీర్, 1945లో వెలువడిన హైమెండార్ఫ్ కొండరెడ్ల గ్రంథం ఈ ప్రాంత పరిశోధకులకు తరచు ఉపకరించేవి. ఇవన్నీ బయటివారు విని రాసినవి.

లోపలివారు విని నిలుపుకొన్నది డోలీల సంప్రదాయం. కోయ సమాజంలో డోలు వాయిస్తూ, బొమ్మలతో కూడిన పడిగెను చూపుతూ, వేల్పుల, వీరుల, వంశాల కథలను గానం చేసేవారు డోలీలు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ లభించడంతో ఈ కళ దేశమంతటికీ తెలిసింది. సమ్మక్క సారలమ్మల గాథను కోయ సమాజం తనదైన రూపంలో నిలుపుకొన్నది ఇటువంటి గాయకుల ద్వారానే. ఇక్కడ గ్రంథాలయం గాయకుని జ్ఞాపకం. అందులోకి ప్రవేశం చెవి ద్వారా.

3. మన్యపు జ్వరం, క్వినైన్

గోదావరి నదిని మధ్య భారతపు పత్తి రవాణాకు జలమార్గంగా మార్చాలన్నది ఆర్థర్ కాటన్ ఆలోచన. ఎఫ్.టి. హేగ్ 1856లో నది నౌకాయాన యోగ్యత మీద నివేదిక సమర్పించాడు. దుమ్ముగూడెం వద్ద ఆనకట్ట, కాలువ, లాకుల నిర్మాణం సాగింది. అడవిలోని జ్వరాలు ఆ పనులకు పెద్ద ఆటంకమయ్యాయి. చివరకు 1871లో ప్రభుత్వం ఆ పథకాన్ని విరమించుకొంది. దుమ్ముగూడెం ఆనకట్ట ఆ ప్రయత్నానికి గుర్తుగా మిగిలింది.

మన్యపు జ్వరానికి కారణం దోమ అని అప్పటికి తెలియదు. చెడుగాలి, చెడునీరు కారణమని భావించేవారు. రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని గుర్తించాడు. కారణం తెలియక ముందే మందు తెలుసు. సింకోనా బెరడునుండి 1820లో పెల్లెటియె, కావెంటూ క్వినైన్‌ను వేరుచేశారు. 1860 నుండి నీలగిరుల్లో సింకోనా తోటలు వెలిశాయి. 1892లో బెంగాల్‌లో తపాలా కార్యాలయాల ద్వారా క్వినైన్‌ను చిన్న పొట్లాలుగా అమ్మే పద్ధతి మొదలై క్రమంగా ఇతర రాష్ట్రాలకు విస్తరించింది.

క్వినైన్ ప్రాణాలు నిలిపిన మందు. ఈ విషయంలో సందేహానికి తావులేదు. అయితే ఆ మందు తగుమోతాదులో ఒంటబట్టినప్పుడు చెవుల్లో హోరు పుడుతుంది, తల తిరుగుతుంది, వినికిడి మందగిస్తుంది. ఈ లక్షణాల సముదాయాన్ని వైద్యులు ‘సింకోనిజం’ అన్నారు. 19వ శతాబ్దపు వైద్యులలో చాలామంది చెవిలో హోరును మందు పనిచేస్తున్నదనడానికి గుర్తుగా కూడా పరిగణించారు. చెవి కష్టం రోగికి బాధ; వైద్యునికి కొలత. క్వినైన్ వలన కలిగే వినికిడి లోపం మందు ఆపిన తరువాత ఎక్కువమందిలో తగ్గిపోతుంది. కాని ఏటేటా వానాకాలం తరువాత జ్వరం తిరగబెట్టే ప్రాంతంలో ఒకే మనిషి ఎన్నిమార్లు ఈ అనుభవం గుండా నడిచి ఉంటాడన్నది ఆలోచించవలసిన విషయం.

ఈ అనుభవం జనాభా లెక్కలకు ఎందుకు అందలేదో కూడా గమనించాలి. 1872 నుండి 1931 వరకు భారతీయ జనాభా లెక్కల్లో అంగవైకల్యాల వివరాలు సేకరించారు. అంధులు, కుష్ఠురోగులు, మతిస్థిమితం లేనివారితోపాటు ‘చెవిటి–మూగ’ అనే వర్గం ఉండేది. పుట్టుకతో వినికిడి, మాట రెండూ లేనివారికి ఉద్దేశించిన వర్గమది. మాట వచ్చి, పెళ్ళయి, పొలం చేసుకొంటూ, నడివయసులో వినికిడి మందగించిన మనిషికి ఆ పట్టికలో గడి లేదు. రికార్డులో లేకపోవడం సమాజంలో లేకపోవడం కాదు.

4. చెవిన పడటం, చెవికెక్కటం: కాల్షియం చానెళ్ళ పరిశోధన చరిత్ర

‘చెవిన పడటం’ వేరు, ‘చెవికెక్కటం’ వేరు అని తెలుగు నుడికారం ఏనాడో గుర్తించింది. లోపలి చెవి నిర్మాణంలో ఈ రెండింటికీ మధ్య నిజంగానే ఒక అంతరం ఉంది. ఆ అంతరాన్ని దాటించేది కాల్షియం.

లోపలి చెవిలో నత్తగుల్ల వలె చుట్టుకొని ఉండే భాగం కర్ణావర్తం. అందులోని శ్రవణాంగాన్ని ఇటలీకి చెందిన అల్ఫాన్సో కోర్టి 1851లో వర్ణించాడు. మనిషి ఒక్కొక్క చెవిలో సుమారు 3,500 లోపలి కేశకణాలు, 12,000 బయటి కేశకణాలు ఉంటాయి. బయటి కణాలు శబ్దాన్ని పెంచి పదునుపెడతాయి. లోపలి కణాలు దానిని నాడికి అందజేస్తాయి. క్షీరదాల కర్ణావర్తంలో ఈ కణాలు ఒకసారి నశిస్తే మళ్ళీ పుట్టవు.

శబ్దం వలన కణంపై ఉన్న సన్నని కేశాలు వంగినప్పుడు వాటి కొనల వద్ద ఉన్న చానెళ్ళు తెరుచుకొని పొటాషియం, కొద్దిగా కాల్షియం లోపలికి వస్తాయి. దానితో కణపు విద్యుత్ స్థితి మారుతుంది. ఇంతవరకు జరిగింది ‘చెవిన పడటం’. ఈ మార్పుకు స్పందించి కణం అడుగుభాగంలో ఉన్న మరొక రకం చానెళ్ళు తెరుచుకొంటాయి. వాటిగుండా వచ్చిన కాల్షియం రసాయన సందేశం నిండిన బుడగలను నాడివైపు విడుదల చేయిస్తుంది. సెకనులో వెయ్యోవంతు స్థాయిలో జరిగే ఈ పనితోనే శబ్దం ‘చెవికెక్కుతుంది’. ఈ రెండవ చానెళ్ళు తెరుచుకోకపోతే కేశాలు కదిలినా మెదడుకు వార్త అందదు.

ఈ అవగాహన ఒక్కరోజులో రాలేదు. గుండె కొట్టుకోవడానికి కాల్షియం అవసరమని లండన్‌లో సిడ్నీ రింగర్ 1883లో కప్ప గుండె మీద నిరూపించాడు. నాడీసంధుల వద్ద సందేశం విడుదలకు కాల్షియం ప్రవేశమే కారణమని బెర్నార్డ్ కాట్జ్, రికార్డో మిలెడి 1960లలో స్థాపించారు. కేశకణాల కదలిక విద్యుత్ సంకేతంగా మారే తీరును జేమ్స్ హడ్స్‌పెత్, డేవిడ్ కోరీ 1977లో కప్ప లోపలి చెవిలో కొలిచారు. 1983లో లూయిస్, హడ్స్‌పెత్ విడి కేశకణాల్లో కాల్షియం ప్రవాహాన్ని నమోదు చేశారు. ఆ చానెళ్ళు నాడిని కలిసే చోటనే గుమిగూడి ఉంటాయని రాబర్ట్స్, జేకబ్స్, హడ్స్‌పెత్ 1990లో చూపారు.

శరీరంలో కాల్షియం చానెళ్ళు అనేక రకాలు. కేశకణాల్లో ఉండేది ప్రధానంగా సీఏవీ 1.3 అనే రకం. ఇది తక్కువ విద్యుత్ మార్పుకే తెరుచుకొంటుంది, త్వరగా అలసి మూసుకుపోదు. నిరంతరం శబ్దానికి సిద్ధంగా ఉండవలసిన కణానికి ఇటువంటి చానెలే తగినది. ఈ చానెల్ లేని ఎలుకలు పుట్టుచెవుడుతో ఉంటాయని, వాటి గుండె లయ కూడా మందగిస్తుందని 2000లో ప్లాట్జర్ బృందం ప్రకటించింది. లోపలి కేశకణాల కాల్షియం ప్రవాహంలో సుమారు 90 శాతం ఈ రకానిదేనని 2003లో బ్రాండ్ట్, స్ట్రీస్నిగ్, మోజర్ తేల్చారు. 2011లో పాకిస్తాన్‌లోని రెండు కుటుంబాల్లో ఇదే చానెల్ జన్యులోపం వలన పుట్టుచెవుడు, మందగించిన గుండె లయ కలిసి వస్తున్నట్లు గుర్తించారు. కాల్షియం ప్రవేశాన్ని గ్రహించి బుడగల విడుదలకు తోడ్పడే ఆటోఫెర్లిన్ ప్రోటీన్ జన్యులోపం మరొక రకం పుట్టుచెవుడుకు కారణం. దానికి జన్యుచికిత్స పొందిన పిల్లల్లో వినికిడి మెరుగుపడిన ఫలితాలు 2024లో వెలువడ్డాయి.

చరిత్రకారునికి ఇక్కడ ఉపయోగపడే విభజన ఒకటుంది. కాల్షియం చానెల్ లేదా ఆటోఫెర్లిన్ లోపం పుట్టుకతో వచ్చేది. జనాభా లెక్కల ‘చెవిటి–మూగ’ గడిలో అది పడుతుంది. క్వినైన్ ప్రభావం అటువంటిది కాదు. అది బయటి కేశకణాల కదలికనూ, పొటాషియం చానెళ్ళనూ, చెవికి రక్తం అందే తీరునూ దెబ్బతీస్తుందని ప్రయోగాలు సూచిస్తున్నాయి. అంటే లోపలి కణంలోని కాల్షియం ద్వారం చెడకపోయినా, దానిని తట్టి తెరిపించవలసిన సంకేతం బలహీనపడుతుంది. తలుపు బాగానే ఉంటుంది, తట్టే చేయి సన్నగిల్లుతుంది. ఫలితం బయటకు ఒకేలా కనిపించినా కారణాలు వేరు, కాలక్రమం వేరు, రికార్డులో మిగిలే తీరు వేరు.

5. సూదిమందు కాలం

స్వాతంత్ర్యానంతరం మలేరియా మీద పోరాటం రూపం మారింది. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం, 1958లో నిర్మూలన కార్యక్రమం ప్రారంభమయ్యాయి. డీడీటీ పిచికారీ, క్లోరోక్విన్ మాత్రలు గ్రామాలకు వచ్చాయి. మైదాన ప్రాంతాల్లో జ్వరాలు తగ్గినా ఏజెన్సీలో మలేరియా పూర్తిగా తొలగలేదు. తీవ్రమైన మలేరియాకు క్వినైన్ వాడకం చాలాకాలం కొనసాగింది. మెదడుకు సోకే మలేరియానుండి బతికి బయటపడిన పిల్లల్లో కొందరికి వినికిడి లోపం మిగలవచ్చునన్నది కూడా వైద్యులు గుర్తించిన అంశం.

ఇదే కాలంలో మరొక మందు ప్రవేశించింది. 1943లో అమెరికాలో వాక్స్‌మన్ ప్రయోగశాలలో ఆల్బర్ట్ షాట్జ్ వేరుచేసిన స్ట్రెప్టోమైసిన్ క్షయ చికిత్సను మార్చివేసింది. 1956లో మద్రాసులో క్షయ రసాయన చికిత్సా కేంద్రం ఏర్పడింది. 1962లో జాతీయ క్షయ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. మాత్రలతోపాటు స్ట్రెప్టోమైసిన్ సూదిమందు దశాబ్దాలపాటు ఆ చికిత్సలో భాగంగా ఉంది.

స్ట్రెప్టోమైసిన్ వర్గపు మందులు కేశకణాల్లోకి ప్రవేశించే మార్గం ఆశ్చర్యం కలిగిస్తుంది. శబ్దం వలన తెరుచుకొనే కేశాగ్ర చానెళ్ళగుండానే అవి లోపలికి వెళ్తాయి. బయటికి వచ్చే దారి సులభంగా దొరకక కణంలో పేరుకొని దానిని చంపుతాయి. అంటే వినడానికి ఏర్పడిన ద్వారమే విషానికి దారి అవుతుంది. స్ట్రెప్టోమైసిన్ ముఖ్యంగా శరీర సమతౌల్యానికి సంబంధించిన కేశకణాలను, కానమైసిన్ వంటివి కర్ణావర్తాన్ని ఎక్కువగా దెబ్బతీస్తాయి. క్వినైన్ హోరు సాధారణంగా తగ్గుతుంది. ఈ నష్టం తరచు శాశ్వతం. తల్లినుండి సంక్రమించే మైటోకాండ్రియా జన్యువులో 1555వ స్థానపు మార్పు ఉన్నవారికి కొద్ది మోతాదు కూడా ప్రమాదకరమని 1993లో తెలిసింది. మందులకు లొంగని క్షయకు సూదులు లేని, మాత్రలతో కూడిన చికిత్సకు ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రాధాన్యమివ్వడం 2018 తరువాతి పరిణామం.

6. డోలు వినబడుతుంది, కథ వినబడదు

పై చరిత్రకు మౌఖిక సంప్రదాయంతో సంబంధం ఎక్కడుంది? సమాధానం కర్ణావర్తం నిర్మాణంలోనే ఉంది. దాని మొదటి మెలిక దగ్గర సన్నని, హెచ్చు స్థాయి శబ్దాలను, లోపలి కొస దగ్గర బొంగురు శబ్దాలను గ్రహించే కణాలుంటాయి. ఇక్కడ పేర్కొన్న మందుల ప్రభావం మొదట హెచ్చు స్థాయి శబ్దాలమీదనే కనిపిస్తుంది. భాషలో ఆ స్థాయికి చెందినవి ‘స’, ‘శ’, ‘చ’ వంటి హల్లులు. అచ్చుల బలం, డోలు మోత తక్కువ స్థాయికి చెందినవి.

అందువలన ఈ రకమైన లోపం ఉన్న మనిషి డోలు మోగిందని గ్రహిస్తాడు. ఎవరో పాడుతున్నారని, రాగం ఎటు పోతున్నదని తెలుసుకొంటాడు. రేల పాట లయకు అడుగు కలుపుతాడు. కాని పేర్లు, గోత్రాలు, ఊళ్ళు కలగాపులగమవుతాయి. చరిత్రకు ఆధారమైనవి సరిగ్గా ఆ పేర్లే. లయ మిగిలి వివరం జారిపోయే ఈ స్థితిని బయటి పరిశీలకుడు ‘సంప్రదాయం క్షీణించింది’, ‘ఈ తరానికి ఆసక్తి లేదు’, ‘వృద్ధులు మరచిపోయారు’ అని నమోదు చేసే అవకాశం ఉంది. క్షీణతకు భాషా మార్పిడి, విద్యావిధానం, నిర్వాసితత్వం వంటి బలమైన కారణాలున్న మాట నిజమే. వాటి సరసన శారీరక కారణాన్ని కూడా పరిశీలించాలన్నదే ఇక్కడి ప్రతిపాదన.

ఈ ప్రతిపాదనకు పరిమితులున్నాయి. చీముచెవి, వయసు, పెద్ద శబ్దాలు, పోషకాహార లోపం కూడా వినికిడిని తగ్గిస్తాయి. ఒక వ్యక్తి లోపానికి మందే కారణమని వైద్య పరీక్ష లేకుండా నిర్ణయించడం తగదు. క్వినైన్, స్ట్రెప్టోమైసిన్ లేకపోతే గాయకులే మిగిలి ఉండేవారు కారన్న వాస్తవాన్ని కూడా మరువరాదు. ప్రాణం నిలిపి చెవిని పణంగా అడిగిన మందులుగా వాటిని చూడాలి తప్ప, నిందితులుగా కాదు.

అయినా క్షేత్ర పరిశోధనలో మార్చుకోదగిన పద్ధతులు కొన్ని ఉన్నాయి. మొదటిది, వక్త జీవిత వివరాలతోపాటు జ్వరాల చరిత్ర, తీసుకొన్న సూదులు, మాత్రలు, చెవిలో హోరు అనుభవం అడిగి నమోదు చేయడం. రెండవది, ‘తెలియదు’ అన్న సమాధానాన్ని ‘వినబడలేదు’ అన్న స్థితినుండి వేరుచేయడం. అందుకు ప్రశ్నను ఎదురుగా, పెదవులు కనిపించేలా, నిదానంగా, వీలైతే కోయ భాషలో అడగాలి. మూడవది, ఒకే గాథకు రెండు పాఠాలు దొరికినప్పుడు భేదాలు ఏ ధ్వనుల వద్ద ఏర్పడ్డాయో పరిశీలించడం. సకార, శకార, చకారాలున్న పేర్ల దగ్గరే తారుమారు ఎక్కువగా ఉంటే దానికి కల్పనతోపాటు వినికిడి కూడా కారణమేమో ఆలోచించాలి. ప్రతి లేఖకుని కంటిదోషాన్ని పాఠ పరిష్కర్త లెక్కలోకి తీసుకొన్నట్లే, శ్రోత చెవిదోషాన్ని మౌఖిక పాఠాల పరిష్కర్త లెక్కలోకి తీసుకోవాలి.

7. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలను ఇలా క్రోడీకరించవచ్చు.

ఖమ్మం – భద్రాచలం సరిహద్దు ప్రాంతంలో పాలన మారిన ప్రతిసారీ లిఖిత ఆధారాలు చెదిరాయి. మౌఖిక సంప్రదాయం ఆ లోటును చాలావరకు పూరించింది. ఆ సంప్రదాయానికి ఆధారమైన వినికిడి, అదే ప్రాంతపు జ్వరాల చికిత్స వలన ఒత్తిడికి లోనయ్యే అవకాశం ఉండింది. పుట్టుచెవుడును లెక్కించిన జనాభా గణన మధ్యలో వచ్చిన వినికిడి లోపాన్ని లెక్కించలేదు. కేశకణాల, కాల్షియం చానెళ్ళ పరిశోధన ఈ రెండింటి భేదాన్ని స్పష్టం చేసి, పాత రికార్డుల మౌనాన్ని కొత్తగా చదవడానికి వీలు కల్పించింది.

పోలవరం ముంపు కారణంగా గొమ్ము కోయల, కొండరెడ్ల ఊళ్ళు చెదురుతున్న ప్రస్తుత దశలో గాయకులు, శ్రోతలు ఒకే చోట ఉండే పరిస్థితి తగ్గిపోతున్నది. సేకరణకు వెళ్ళే పరిశోధకులు రికార్డింగు పరికరంతోపాటు వృద్ధులకు వినికిడి పరీక్ష ఏర్పాటు చేయగలిగితే అది ఉభయతారకం. పాఠం విశ్వసనీయత పెరుగుతుంది; చెప్పేవారికి కూడా కొంత మేలు దక్కుతుంది. తెలుగు శాఖలు, వైద్య కళాశాలలు కలిసి చేయదగిన పని ఇది.